గెలిచినవాళ్లకు సైరన్

దసరా పోయిన రెండో ఆదివారం, పొద్దున ఎనిమిదిన్నర. ఎనిమిది ఇరవై తొమ్మిది కాదు, ఎనిమిది ముప్పై ఒకటీ కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ టైము చూసింది మా టైంకీపర్. ఆయన గడియారానికీ సూర్యుడికీ తేడా వస్తే మేం సూర్యుడినే అనుమానిస్తాం.

ఆ నిమిషంలో ఆయన చేసిన ఒక్క పనివల్ల నాలుగేళ్లుగా ఆయన ఇంట్లో కూర్చున్న సైరన్ నా ఇంటికి వచ్చింది. అది ఎలా వచ్చిందో రాస్తాను. ముందు మా సంఘం సంగతి.

మాది గోల్ఫ్ సంఘం. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి. ఇంద్రేశం అవతల ఒక వెంచర్ ఉంది. సగం ప్లాట్లలో ఇళ్లు లేచాయి, సగం గడ్డి మొలిచి పడి ఉన్నాయి. ఆ గడ్డి సగం మాది, అంటే ఆదివారం పొద్దున మాది. అయిదుగురం సభ్యులం. అందరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడితే ఒకే రోజు ఇంటికొచ్చినవాళ్లం. ఒకాయన టైంకీపర్. ఒకాయన బాయిలర్ ఆపరేటర్, మా ఊరివాడే, నన్ను వదినె అంటాడు. ఒకాయన క్యాంటీన్ వంటమాస్టర్. ఒకాయన గేటు వాచ్‌మన్, బీహార్ నుంచి వయసులో వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. అయిదోదాన్ని నేను. తోట పని. ఇరవై ఆరేళ్లు ఆ ఫ్యాక్టరీ గడ్డి కొట్టాను.

గోల్ఫ్ మా దగ్గరికి నడిచి రాలేదు, తుక్కులో వచ్చింది. ఫ్యాక్టరీ సామాను వేలం వేసినప్పుడు బాయిలర్ ఆపరేటర్ షిఫ్టులకు చేతితో తిప్పి మోగించే సైరన్‌ను పాడుకున్నాడు.  ఆ సైరన్‌తో పాటు మూలన పడున్న సంచి కూడా తీసుకుపొమ్మన్నారట. విప్పి చూస్తే ఏడు గోల్ఫ్ కర్రలు, ఒక డబ్బా నిండా తెల్ల బంతులు. పాత మేనేజరువి. ఆయన సాయంత్రాలు ఆఫీసు ముందున్న పచ్చికలో కొట్టుకునేవాడు. ఆయన కొడితే బంతి తక్కువ లేచేది, గడ్డి ఎక్కువ లేచేది. లేచిన గడ్డిని మళ్లీ నాటేది నేను. అందుకని మా అయిదుగురిలో ఆ ఆట చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేను చూసి చెప్పిందే రూలు: గుంతలు వరసగా ఉంటాయి, తక్కువ దెబ్బల్లో బంతిని గుంతల్లో వేసినవాళ్లు గెలిచినట్టు. మిగతా రూళ్లు మేనేజరుతోనే పోయాయి. మా రూళ్లు మేమే పెట్టుకున్నాం.

గుంత అంటే నేలలో పాతిన డాల్డా డబ్బా. జెండా అంటే కర్రకు కట్టిన పాత యూనిఫాం ముక్క. మొదట తొమ్మిది గుంతలుండేవి. రెండో గుంత మీద ఒక డాక్టరు ఇల్లు కట్టుకున్నాడు, ఎనిమిదోదాని మీద నీళ్ల ట్యాంకు లేచింది. ఇప్పుడు ఏడు. మాకు వయసు పెరుగుతున్నకొద్దీ గుంతలు తగ్గుతున్నాయి కాబట్టి ఎవరికీ ఫిర్యాదు లేదు.

కర్రలు ఏడైనా ఒకటి ఎడమచేతి వాటంది. నాదీ ఎడమచేతి వాటమే. కొడవలి పట్టినా, పార పట్టినా చిన్నప్పటి నుంచీ తిట్లు తిన్న చెయ్యి. ఆ ఒక్క కర్రా నాకు రాసిపెట్టినట్టు దొరికింది. మిగతా నలుగురు ఆరు కర్రల కోసం కొట్లాడుకుంటుంటే నేను నా కర్ర భుజాన వేసుకుని నిలబడతాను. దూరం కొట్టడంలో నన్ను మించినవాడు లేడు, ఇరవై ఆరేళ్లు గడ్డి కొట్టిన భుజం. దగ్గరికొస్తేనే చిక్కు. డబ్బా జానెడు దూరంలో ఉంటే నాకు మూడు దెబ్బలు పడతాయి. ఎందుకో తెలియదు. జానెడు దూరాన్ని నేనెప్పుడూ నమ్మలేదు.

మా సంఘం ఆచారాలు రెండే. మొదటిది, బంతి ఎవరి ఇంటి కాంపౌండులో పడితే కొట్టినవాళ్లు ఆ ఇంటి తలుపు కొట్టి, నమస్తే చెప్పి, వాళ్లు ఏం పెడితే అది తిని రావాలి. వద్దనకూడదు. కిటికీ అద్దాలున్న చోట మర్యాద చాలా అవసరం. రెండోది సైరన్. ఆరు గంటలకు మోగితే ఆట మొదలు, ఎనిమిదిన్నరకు మోగితే ఆట బంద్, తిండి మొదలు. తిండి అంటే బోటి కూర, జొన్నరొట్టె. కూర వంటమాస్టర్ వండుతాడు, రొట్టెలు టైంకీపర్ ఇంటినుంచి వస్తాయి.

కప్పు కూడా ఆ సైరనే. ఏడాదికొకసారి దసరా పోయిన రెండో ఆదివారం పందెం. గెలిచినవాళ్లు సైరన్ ఇంటికి తీసుకుపోయి ఏడాదంతా ఉంచుకోవాలి. ప్రతి ఆదివారం అయిదున్నరకు తమ వాకిట్లో ఒకసారి తిప్పి, ఆ తర్వాత వెంచర్‌కు మోసుకు రావాలి. ఎర్ర రంగు, మూడు కాళ్లు, పక్కన పిడి, బరువు మేకపోతంత. నిజం చెప్పాలంటే అది ఎవరికీ అక్కర్లేదు. బాయిలర్ ఆపరేటర్‌కు కొల్లూరులో తొమ్మిదో అంతస్తులో ఇల్లు.

"నేను గెలువను వదినె, నాకు గెలుసుడు రాదు," అంటాడు. "తొమ్మిదో అంతస్తుల సైరన్ కొడితే కింద ఎనిమిది అంతస్తులోళ్లు నన్ను బతుకనిస్తరా?"

అందుకే ఆఖరి గుంత దగ్గర కావాలని రోడ్డు వైపు కొడతాడు. వాచ్‌మన్‌కు మోకాళ్లు నొప్పి. వంటమాస్టర్ అయిదో గుంత కాగానే పొయ్యి దగ్గరికి పోతాడు. కాబట్టి నాలుగేళ్లూ టైంకీపరే గెలిచాడు. ఆయనకది ఇష్టం. నాలుగేళ్లూ నేను రెండో స్థానం. నాకూ అది ఇష్టం, స్థానం కాదు, సైరన్.

ఎందుకు ఇష్టమో కూడా చెప్పేస్తాను, దాచుకునే సంగతి కాదు. పనిలో చేరిన కొత్తలో ఒక వానరోజు మా ఊరి బస్సు బురదలో దిగబడింది. నడిచి వస్తుండగానే సైరన్ మోగింది. మోత ఆగాక గేటు పట్టుకున్నాను. టైంకీపర్ లోపలి నుంచి గడియారం చూపించాడు. నాకు గడియారం చూడటం రాదు అప్పుడు.

"రెండు నిమిషాలు లేటు, మూడు వందల పన్నెండు," అన్నాడు. అది నా టోకెన్ నంబరు. ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తాడు. "సైరన్ ఆగినంక నువ్వు లేనట్టే."

"ఎదురుంగ నిలబడ్డ గద సారూ, లేనట్టెట్లయిత?"

"లిస్టుల లేనట్టు."

వానలో నాలుగు కిలోమీటర్లు వెనక్కి నడిచాను. అప్పటి నుంచి నా కోరిక ఒకటే. ఆ పిడి ఒక్కసారి నా చేత్తో తిప్పాలి, అది విని ఆ మనిషి ఉలిక్కిపడాలి. ఊరికే తిప్పుకుంటానంటే ఇవ్వడు. "గెలిచినోళ్లదే చెయ్యి," అంటాడు.

ఈ కోరిక నాకే కాదు, ఆయన భార్యకూ ఉంది. ఆమె అంగన్‌వాడీ టీచర్. ఆ ఇంటికి రెండు సందుల ఇవతలే నా ఇల్లు. నా యాభై తొమ్మిదో ఏట నాకు అక్షరాలు నేర్పింది ఆమే. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక వాళ్ల పలకే నాకిచ్చేది. నాకు రాయడం వచ్చాక సంఘం పుస్తకం నా చేతికొచ్చింది. ఎవరికి ఎన్ని దెబ్బలో రాసేది నేనే, టైంకీపర్ చెబితే రూళ్లు రాసిందీ నేనే. పందేనికి వారం ముందు ఆమె నాకు రొట్టెలపిండి జల్లెడ ఇవ్వడానికి వచ్చి, జల్లెడ ఇవ్వకుండా కూర్చుంది.

"అక్కా, ఈసారి ఎట్లనన్న గెలువు. నీ కాళ్లు మొక్కుత. ఆదివారం పొద్దుగాల ఇంట్ల పిడుగు వడ్డట్టయితుంది. కోళ్లు గుడ్లు వెడ్తలేవు. మొన్న ఆయన కొడుతుంటే పక్కింటి ముసలాయన మంచం మీదికెళ్లి కింద వడ్డడు."

"నీ మొగుడే గద, దాసిపెట్టరాదూ?"

"దాసిన. బియ్యం డ్రమ్ముల వెట్టిన. ఇల్లంత దేవులాడి తీసుకున్నడు."

సరే, పందెం రోజు వచ్చింది. ఆరింటికి సైరన్, మొదటి గుంత. ఆ రోజు నా చెయ్యి దేవుడిచ్చిన చెయ్యి. మూడు గుంతలకే నేను ఆయనకంటే రెండు దెబ్బలు తక్కువలో ఉన్నాను. నాలుగో గుంతకు కొంచెం ఉత్సాహం ఎక్కువైంది. బంతి గాల్లో లేచి, గోడ దాటి, ఒక కొత్త ఇంటి ముందు పడింది. వెళ్లి చూద్దుము కదా, అక్కడ గృహప్రవేశం. మామిడి తోరణాలు, షామియానా, పట్టుచీరలు. ఇంట్లో తిప్పడానికి తెచ్చిన ఆవు వాకిట్లో నిలబడి ఉంది. నా బంతి సరిగ్గా దాని నాలుగు కాళ్ల మధ్య.

"బంతి యాడ పడితే ఆడికెళ్లే కొట్టాలె," అన్నాడు టైంకీపర్. "పుస్తకంల ఉన్నది."

"ఉన్నది సారూ, నేనే రాసిన. ఆవు గురించి రాయలే."

ఆవును పక్కకు జరపమంటే పంతులుగారు ఒప్పుకోలేదు. ముహూర్తానికి ఇంకా ఏడు నిమిషాలుందట, అప్పటిదాకా అది అక్కడే నిలబడాలట. వాచ్‌మన్ వంగి చూసి, "ఆహిస్తా అక్కా, ఆహిస్తా, గాయ్ కో మత్ లగాఓ," అంటున్నాడు, ఆవుకు తగలనివ్వొద్దని. నేను కర్ర ఎత్తానో లేదో, ఆవు వెనక కాలితో ఒక్క తన్ను తన్నింది. బంతి గేటు దాటి, రోడ్డు దాటి, నాలుగో గుంతకు మూరెడు దూరంలో పోయి ఆగింది. నేను కొట్టినా అంత బాగా పోదు.

"రాసుకో మూడు వందల పన్నెండు, ఒక దెబ్బ," అన్నాడు టైంకీపర్.

"ఆవు కొడితే నాకెట్ల రాస్త? ఆవుకు రాస్త."

"ఆవు మన మెంబర్ గాదు."

పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి తీర్పు చెప్పారు. గోమాత పాదం తగలడం శుభం, శుభాన్ని దెబ్బలలో లెక్కించకూడదు అని. పంతులుగారితో టైంకీపర్ వాదించలేదు కానీ ముఖం మాత్రం ముడుచుకున్నాడు. అక్కడితో అయిపోతే బాగుండేది. ఆచారం ప్రకారం ఇంటివాళ్లు పెట్టింది తినాలి కదా. పాలు పొంగించాలట, పరమాన్నం వండాలట, అప్పుడు పెడతారట. పట్టుబట్టి కుర్చీలు వేశారు. టైంకీపర్ కుర్చీలో కూర్చున్నాడు కానీ, కళ్లు మాత్రం మణికట్టు మీదే. వేడివేడి పరమాన్నం ఊదుకుంటూ తిన్నాం. బాయిలర్ ఆపరేటర్ రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. బయటికి వచ్చేసరికి అరగంట పోయింది.

తర్వాత గుంతల్లో నా చెయ్యి కొంచెం బరువెక్కింది, పరమాన్నం వల్ల కావచ్చు. ఆరు గుంతలు అయ్యేసరికి నాకు ముప్పై నాలుగు, ఆయనకు ముప్పై అయిదు. తేడా ఒక్కటి. ఏడో గుంత బోరు పంపు పక్కన. అక్కడే వంటమాస్టర్ పొయ్యి, అక్కడే చాప మీద టైంకీపర్ భార్య రొట్టెల గంపతో కూర్చుంది, అక్కడే మూడు కాళ్ల మీద సైరన్. బాయిలర్ ఆపరేటర్ ఆనవాయితీగా రోడ్డు వైపు కొట్టేశాడు. వాచ్‌మన్ కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. మిగిలింది మేమిద్దరం.

ఇద్దరం మూడేసి దెబ్బలు కొట్టాం. నా బంతి డబ్బాకు జానెడు దూరం. ఆయనది రెండు మూరలు. మా రూలు ప్రకారం దూరంగా ఉన్నవాళ్లు ముందు కొట్టాలి. రెండు మూరల నుంచి ఆయన గురి తప్పడం ఈ నాలుగేళ్లలో నేను చూడలేదు. ఆయన ఒక్క దెబ్బలో వేస్తాడు. నాకు మూడు పడతాయి. ఇగ అయిపోయింది అనుకున్నాను. రొట్టెల దగ్గర ఆమె కళ్లు మూసుకుంది, మొగుడి ఓటమి కోసం మొక్కుకుంటూ.

ఆయన వంగాడు. కర్ర బంతి వెనక పెట్టాడు. చేతులు సర్దుకున్నాడు. అప్పుడు చొక్కా చెయ్యి కొంచెం పైకి జరిగి గడియారం కనిపించింది.

కర్ర కింద పెట్టాడు. నిటారుగా లేచి, సైరన్ దగ్గరికి నడిచి, పిడి పట్టుకుని తిప్పాడు.

ఎనిమిదిన్నర.

దానిలో మోసం లేదు, ఆలోచన కూడా లేదు. ఎనిమిదిన్నర అయితే ఆ మనిషి చెయ్యి దానంతటదే సైరన్ మీదికి పోతుంది. మా సంగతి ఆయనకంటే ఘోరం. సైరన్ లేవగానే వాచ్‌మన్ ఆనుకున్న కర్ర వదిలేశాడు. బాయిలర్ ఆపరేటర్ రోడ్డు మీద బంతి వెతుకుతున్నవాడు వెతకడం ఆపి వచ్చేశాడు. నా కర్ర నా చేతిలోంచి ఎప్పుడు పడిందో నాకు తెలియదు. అందరం పంపు దగ్గర వరసగా నిలబడ్డాం, సబ్బు ఒకరికొకరు అందించుకున్నాం. నేను మోచేతుల దాకా రుద్దుకుని, కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటుండగా బాయిలర్ ఆపరేటర్ అన్నాడు:

"అవ్ గానీ వదినె, గెలిచిందెవరు?"

అందరం వెనక్కి తిరిగి చూశాం. రెండు బంతులూ ఎండలో కూర్చుని ఉన్నాయి.

"పా పా, పోయి కొట్టుదాం, ఒక్క నిమిషం," అన్నాడు టైంకీపర్.

"యాడికి సారూ?" అన్నాను. "సైరన్ ఆగినంక ఆట లేనట్టే."

జాకెట్లోంచి పుస్తకం తీశాను. చేతులు తడిగా ఉండి పేజీలు అతుక్కున్నాయి. మొదటి ఏడాది బాయిలర్ ఆపరేటర్ తిండి టైము దాటినా ఆడుతూ కూర చల్లారబెడుతున్నాడని టైంకీపరే చెప్పి రాయించిన రూలు అది. వేలు పెట్టి చదివాను: "సైరన్ మోగేసరికి ఎవరి దెబ్బలు ఎన్నో అవే లెక్క. తర్వాత కొట్టినవి చెల్లవు." నాకు ముప్పై ఏడు. ఆయనకు ముప్పై ఎనిమిది.

 పొయ్యి మీద కూర మూత గడగడలాడింది. బాయిలర్ ఆపరేటర్‌కు జాలేసింది. "సారూ, మీ గడియారం జెర ముందు నడుస్తుందేమో చూడుర్రి. ఒక్క నిమిషం ఫాస్ట్ ఉన్నదనుర్రి, అయిపాయె. అప్పుడు సైరన్ చెల్లది."

అంతే. టైంకీపర్ ముఖం ఎర్రబడింది. "ఏందీ? నా గడియారమా?"

"ఊరికే మాటకు సారూ..."

"ముప్పై ఒక్క ఏండ్లు నౌకరి చేసిన. ఎవడన్న ఒక్కడు నా గడియారం ఫాస్ట్ అన్నడా? వాచ్‌మన్, నువ్వు చెప్పు."

"నై సాబ్," అన్నాడు వాచ్‌మన్ భయంగా. "ఎప్పుడూ కరెక్టే సాబ్."

"ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నర. సైరన్ కరెక్ట్. ఓడిపోతే ఓడిపోయిన. రాసుకో, మూడు వందల పన్నెండు."

రాసుకున్నాను.  టైంకీపర్ భార్య గంపలోంచి రొట్టె తీసి, దాని మీద ఇంత బోటి వేసి, ముందు నాకిచ్చింది. ఆమె కళ్లలో ఉన్నంత సంతోషం పెళ్లినాడు కూడా ఉండి ఉండదు.

"తిన్నంక కొట్టు," అన్నాడు టైంకీపర్, నేను సైరన్ వైపు చూడటం చూసి.

తినడం ఎవరికి కావాలి! రొట్టె ఆమె చేతిలో పెట్టేసి పోయాను. పిడి నేననుకున్నంత తేలిక కాదు. మొదటి చుట్టుకు మేకపిల్ల అరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది. వాళ్లు నవ్వారు. రెండు చేతులూ వేసి, కాలు తన్నిపెట్టి, ఇరవై ఆరేళ్ల గడ్డి భుజంతో తిప్పాను. అది పట్టుకుంది. లేచింది. వెంచర్ అంతా లేచింది. గృహప్రవేశం ఇంట్లో ఆవు అంబా అంది.

అప్పుడు చూడాలి వాళ్లను. ప్లేట్ల ముందు అప్పుడే కూర్చున్నవాళ్లు, నోట్లో రొట్టె ముక్కతో, నలుగురూ ఒక్కసారి లేచారు. తిండి టైములో సైరన్ మోగితే ఏమిటి? తిండి అయిపోయినట్టే, షిఫ్టు మొదలైనట్టే. బాయిలర్ ఆపరేటర్ ప్యాంటు దులుపుకుని రోడ్డు వైపు నడిచాడు. వాచ్‌మన్ గేటు తీయడానికి పోయాడు, అక్కడ గేటే లేదు. వంటమాస్టర్ పొయ్యి ఆర్పేశాడు. అందరికంటే ముందు ఉలిక్కిపడి లేచింది టైంకీపర్, మూతి తుడుచుకోకుండా. పది అడుగులు పోయాక ఒక్కొక్కరికీ తెలివి వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆగారు. నేను ఆపలేదు. ఇంకో మూడు చుట్లు తిప్పాను. నేను తిప్పినంతసేపూ టైంకీపర్ భార్య చాప మీద కూర్చుని తింటూనే ఉంది. ఆమె ఫ్యాక్టరీలో పనిచేయలేదు కదా, ఆమెకు సైరన్ అంటే ఒట్టి చప్పుడు. వాళ్లు వెనక్కి వచ్చేసరికి మంచి ముక్కలన్నీ అయిపోయాయి.

తర్వాతి ఆదివారం ఆమె ఏడు దాకా పడుకుందట. టైంకీపర్ మాత్రం అయిదు ఇరవై ఎనిమిదికే మా ఇంటి గేటు ముందు ఉన్నాడు, నేను టైముకు కొడతానో లేదో చూడటానికి. చలిగా ఉంది, మంకీ టోపీ పెట్టుకున్నాడు.

"గేటు తియ్యి, మూడు వందల పన్నెండు."

"ఇంక రెండు నిమిషాలున్నది సారూ," అన్నాను. "సైరన్ కాలేదు."

గడియారం చూసుకున్నాడు. తల ఊపాడు. రెండు నిమిషాలూ బయటే నిలబడ్డాడు. అది ఆయనకు న్యాయంగానే అనిపించింది, ఆ మనిషి అంతే.

పేర్లు రాస్తే నా పేరు ముందెందుకు లేదని కొట్లాటలవుతాయి, అందుకని పనులే రాస్తున్నాను. ఆ పందెం రోజు అక్కడ ఉన్నవాళ్లు: టైంకీపర్. ఆయన భార్య, నాకు ఓనమాలు దిద్దించిన టీచరమ్మ. రోడ్డు వైపు కొట్టే బాయిలర్ ఆపరేటర్. మోకాళ్ల నొప్పి వాచ్‌మన్. బోటి కూర వండి తనకు ఒక్క ముక్క కూడా మిగలని వంటమాస్టర్. గృహప్రవేశం దంపతులు, వాళ్ల చుట్టాలు, పరమాన్నం బాగా చేశారు. తీర్పు చెప్పిన పంతులుగారు. మెంబరు కాని ఆవు. ఆఖరున నేను, తోట పని, టోకెన్ నంబరు మూడు వందల పన్నెండు, లిస్టులో ఉన్నాను.